వీర్యంలో చీముకణాలు: మందుకన్నా ముందు కారణం

వీర్యంలో తెల్ల రక్తకణాలు ఉండవలసిన దానికన్నా ఎక్కువగా ఉండడాన్ని వైద్య పరిభాషలో పయోస్పెర్మియా అనీ, ల్యూకోసైటోస్పెర్మియా అనీ అంటారు. ల్యాబ్ రిపోర్టులో ఇది ‘పస్ సెల్స్’ అనే వరుసలో ఒక అంకెగా కనబడుతుంది. వాడుకలో చెప్పాలంటే వీర్యంలో చీము. ఒక మిల్లీలీటరు వీర్యంలో పది లక్షలకు మించి తెల్ల రక్తకణాలుంటే ఎక్కువ ఉన్నట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. పిల్లలు కలగడం లేదని పరీక్షకు వచ్చే మగవాళ్ళలో సుమారుగా నూటికి పదిమంది నుంచి ఇరవైమందిలో ఈ పరిస్థితి బయటపడుతుంది.

ఇది దానంతట అదే ఒక జబ్బు కాదు. పునరుత్పత్తి మార్గంలో ఎక్కడో వాపు ఉందనో, సూక్ష్మజీవులు చేరాయనో శరీరం ఇచ్చే సూచన. ఆ చోటు ఏదో, కారణం ఏమిటో తేలాకే మందు వేయాలి. చాలా ఇళ్ళలో జరుగుతున్నది దీనికి తలకిందులు. రిపోర్టులో ఆ మాట చూడగానే భయం పట్టుకుంటుంది. పరీక్ష పూర్తికాకముందే మాత్రలు మొదలవుతాయి, లేదా సిగ్గుతో ఆ కాగితమే బీరువాలోకి పోతుంది. రెండింటివల్లా నష్టం మొగుడూ పెళ్ళాలిద్దరికీ.

పెన్నా ఒడ్డున, అనంతపురానికీ గుత్తికీ మధ్య 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న పామిడి ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి తగిన ఊరు. బట్టల వ్యాపారానికి పేరున్న పట్టణం. చుట్టూ వాన కోసం ఎదురుచూసే వేరుశనగ పల్లెలు. ఏడాది మొత్తంమీద కొద్దిపాటి వానే పడే జిల్లా ఇది. చేను ఎండితే బెంగళూరుకు కూలికి పోయేవాళ్ళు, నెలల తరబడి లారీ మీదే బతికేవాళ్ళు ఇక్కడ తక్కువేమీ కాదు. ఎండలో పని, చాలినన్ని నీళ్ళు తాగకపోవడం, భార్యాభర్తల మధ్య దూరం, పక్కనే స్పెషలిస్టు లేకపోవడం. మగవాడి ఆరోగ్యానికి ఇవన్నీ ఎంతో కొంత సంబంధించినవే.

ఆ ద్రవం ఎక్కడెక్కడి నుంచి వస్తుంది

వీర్యం ఒక్కచోట తయారయ్యేది కాదు. దానిలో సుమారు మూడింట రెండు వంతులు శుక్రాశయాల నుంచి వస్తుంది. పావు వంతుకు పైగా ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తుంది. వృషణాల నుంచి శుక్రకణాలతో కలిసి వచ్చే ద్రవం నూటికి ఐదు పాళ్ళకు మించదు. వృషణంలో పుట్టిన శుక్రకణాలు దాని వెనుక అంటుకుని ఉండే ఎపిడిడిమిస్ అనే సన్నని చుట్టల గొట్టంలో పదునెక్కి, శుక్రవాహిక గుండా పైకి వచ్చి, ప్రోస్టేట్ దగ్గర మూత్రనాళంలో కలుస్తాయి. మూత్రమూ వీర్యమూ అక్కడి నుంచి ఒకే దారిన బయటికి వస్తాయి.

అందుకే వీర్యంలో కనబడిన చీముకణాలు ఈ దారిలో ఏ మజిలీ నుంచైనా వచ్చి ఉండవచ్చు. మూత్రనాళంలో సుఖవ్యాధి ఉన్నా, ప్రోస్టేట్ వాచినా, శుక్రాశయాల్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, ఎపిడిడిమిస్‌కు పాకినా రిపోర్టులో కనబడేది ఒకే అంకె. అంకె చూసి చోటు చెప్పడం ఏ వైద్యుడి వల్లా కాదు.

తెల్ల రక్తకణాలు వీర్యంలో కొద్దిగా ఉండడం మామూలే. చనిపోయిన, వంకర తిరిగిన శుక్రకణాలను తినేసి దారి శుభ్రం చేసే పని వాటిదే. సూక్ష్మజీవులు చొరబడినప్పుడు న్యూట్రోఫిల్ అనే రకం కణాలు రక్తం నుంచి గుంపులుగా అక్కడికి చేరతాయి. వాటిలో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. చీముకు ఆకుపచ్చ ఛాయ వచ్చేది దానివల్లే. ల్యాబ్‌లో ఈ కణాలను పట్టిచ్చేది కూడా అదే.

కారణాలు

వయసులో ఉన్న మగవాళ్ళలో మొదట ఆలోచించవలసినవి కలయిక వల్ల సోకే ఇన్‌ఫెక్షన్లు. గనేరియా, అంటే పల్లెల్లో సెగ వ్యాధి అనేది, ఉన్నప్పుడు మూత్రానికి వెళ్తే మంట, అంగం నుంచి పసుపుపచ్చ చీము కనబడతాయి కాబట్టి మనిషి ఆసుపత్రికి పరుగెడతాడు. క్లమీడియా అలా కాదు. చాలామందిలో ఏ లక్షణమూ చూపకుండా నెలల తరబడి లోపలే ఉంటుంది. మగవాడికి ఏమీ తెలియదు. భార్యకు సోకితే అది గర్భాశయ నాళాల దాకా పాకి, అవి మూసుకుపోయేలా చేయగలదు. మైకోప్లాస్మా, యూరియాప్లాస్మా, ట్రైకోమోనాస్ వంటివి కూడా ఈ జాబితాలోనే ఉన్నాయి.

ముప్పై ఐదు దాటినవారిలో మూత్రంలో పెరిగే మామూలు బ్యాక్టీరియా ముఖ్యంగా చూడాలి. ఈ.కోలై అనే పేగుల్లోని బ్యాక్టీరియా మూత్రనాళం నుంచి ప్రోస్టేట్‌కూ, అక్కడి నుంచి ఎపిడిడిమిస్‌కూ పాకుతుంది. ప్రోస్టేట్ పెరిగి మూత్రం పూర్తిగా పోనివాళ్ళలో, మూత్రనాళం సన్నబడినవాళ్ళలో, ఆపరేషన్ అప్పుడు గొట్టం పెట్టినవాళ్ళలో, షుగర్ అదుపులో లేనివాళ్ళలో దీనికి అవకాశం ఎక్కువ. అనంతపురం వంటి ఎండల ప్రాంతంలో మూత్రంలో రాళ్ళు ఎక్కువ. రాయి అడ్డుపడి మూత్రం నిలిచిన చోట ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా తిష్ఠ వేస్తుంది.

క్షయను మన దేశంలో ఎప్పుడూ మరచిపోకూడదు. ఊపిరితిత్తుల్లోనే కాదు, ఎపిడిడిమిస్‌లోనూ ప్రోస్టేట్‌లోనూ క్షయ చేరుతుంది. వృషణం వెనుక నొప్పి లేని గట్టి గడ్డ, శుక్రవాహిక మీద పూసలు గుచ్చినట్టు చేతికి తగిలే కణుపులు, మామూలు కల్చర్‌లో ఏ బ్యాక్టీరియా పెరగకపోయినా మూత్రంలో చీముకణాలు దిగకపోవడం దీని ఆనవాళ్ళు. ఎన్ని కోర్సులు యాంటీబయాటిక్స్ వాడినా తగ్గని చీము వెనుక క్షయ ఉందేమో చూడాలి.

ఇన్‌ఫెక్షన్ లేకుండానూ ఈ కణాలు పెరగవచ్చు. పొగతాగడం, మద్యం, వృషణాల దగ్గరి సిరలు ఉబ్బే వెరికోసీల్, వెన్నెముక దెబ్బతినడం, రోజుల తరబడి వీర్యం బయటికి పోకపోవడం కూడా కారణాలుగా గుర్తించారు. అన్ని పరీక్షలూ చేశాక కూడా కారణం దొరకనివారి సంఖ్య తక్కువ కాదు. వారికి ఇచ్చే సలహా వేరు, చికిత్స వేరు.

లక్షణాలు ఉండవచ్చు, ఉండకపోవచ్చు

మూత్రంలో మంట, అంగం చివర తడి లేదా చీము, వీర్యం పోయేటప్పుడు నొప్పి, వీర్యంలో రక్తపు చార, పొత్తికడుపులోనూ వృషణాలకూ మలద్వారానికీ మధ్యన బరువు, వృషణాల నొప్పి, జ్వరం ఇవన్నీ ఇన్‌ఫెక్షన్‌కు గుర్తులు. పల్లెల్లో ఇలాంటప్పుడు వేడి చేసిందని సరిపెట్టుకుంటారు. బార్లీ నీళ్ళు, పలచటి మజ్జిగ తాగితే మూత్రం పలచబడి మంట తగ్గినట్టుంటుంది. లోపలి క్రిమి మాత్రం అలాగే ఉండిపోతుంది. రెండు రోజుల్లో తగ్గని మంటకూ, ఒక్కసారి కనబడిన చీముకూ డాక్టర్ దగ్గరికి వెళ్ళడమే మార్గం.

వృషణంలో ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి, వాపు వస్తే అది అత్యవసరం. ఇన్‌ఫెక్షన్ అనుకుని ఇంట్లో కూర్చుంటే, నిజానికి వృషణం మెలి తిరిగి ఉంటే, ఆరు గంటలు దాటేకొద్దీ దాన్ని కాపాడుకునే అవకాశం తగ్గిపోతుంది. ముఖ్యంగా కుర్రవాళ్ళలో ఇది మరవకూడదు.

ఇక లక్షణాలు లేనివారే ఎక్కువ. వారి చీముకణాలు బయటపడేది పిల్లల కోసం చేసే పరీక్షలోనే. కంటికి కనబడే మార్పులను నమ్ముకోవడానికీ లేదు. వీర్యం కాస్త పసుపుగా ఉన్నంత మాత్రాన చీము అని కాదు. వచ్చిన వెంటనే గడ్డగడ్డలుగా ఉండి అరగంట, గంటలో నీరవడం దాని సహజ గుణం. ముక్కేటప్పుడు ఒకటి రెండు తెల్లని చుక్కలు పడడాన్ని ‘ధాతువు పోతోంది’ అని బెంబేలెత్తేవారు చాలామంది. అది ఎక్కువసార్లు ప్రోస్టేట్ ద్రవమే. భారతీయ మగవాళ్ళలోని ఈ భయానికి మనోవైద్యుడు నరేంద్రనాథ్ విగ్ 1960లో ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. వారికి కావలసింది బలం మందు కాదు, విడమరచి చెప్పే వైద్యుడు.

పరీక్ష ఎలా జరగాలి

శుక్రకణాన్ని మనిషి మొదటిసారి చూసిన కథలోనే ఈ సమస్య ఉంది. 1677లో హాలెండ్‌లో యోహాన్ హామ్ అనే వైద్య విద్యార్థి గనేరియా రోగి నుంచి తీసిన ద్రవాన్ని సూక్ష్మదర్శిని నిపుణుడు లేవెన్‌హుక్ దగ్గరికి తెచ్చి, అందులో తోకలున్న చిన్న ప్రాణులు కదులుతున్నాయని చూపించాడు. జబ్బువల్ల పుట్టిన ప్రాణులని హామ్ అనుకున్నాడు. ఆరోగ్యవంతుల వీర్యంలోనూ అవి ఉన్నాయని లేవెన్‌హుక్ తేల్చాడు. సూక్ష్మదర్శిని కింద కనబడినదల్లా రోగం కాదన్న పాఠం అప్పుడే మొదలైంది. నేటి రిపోర్టులకూ అది వర్తిస్తుంది.

వీర్య పరీక్షకు ముందు రెండు రోజులకు తక్కువ కాకుండా, ఏడు రోజులకు మించకుండా కలయిక గానీ హస్తప్రయోగం గానీ లేకుండా ఉండాలి. మూత్రానికి వెళ్ళి, చేతులూ అంగమూ సబ్బుతో శుభ్రంగా కడిగి, తుడుచుకుని, ల్యాబ్ ఇచ్చిన వెడల్పు మూతి డబ్బాలో హస్తప్రయోగం ద్వారా నమూనా పట్టాలి. నూనె, ఉమ్మి వాడకూడదు. మామూలు కండోమ్‌లో పట్టి తేకూడదు. మొదటి చుక్క నుంచి చివరిదాకా పట్టాలి, కొంత కింద పడితే దాచకుండా చెప్పాలి. గంటలోపు ల్యాబ్‌కు చేరాలి. పామిడి నుంచి ఊరూరా ఆగే బస్సులో డబ్బా పట్టుకుని అనంతపురం వెళ్ళేసరికి ఆ సమయం కాస్తా దాటిపోతుంది. ల్యాబ్‌కే వెళ్ళి అక్కడి గదిలో నమూనా ఇవ్వడమే మేలు.

నమూనా నీరయ్యాక టెక్నీషియన్ ఒక చుక్క గాజు పలక మీద వేసి సూక్ష్మదర్శిని కింద పెడతాడు. కదిలే శుక్రకణాల మధ్య అక్కడక్కడ గుండ్రని కణాలు కనబడతాయి. చిక్కు మొదలయ్యేది ఇక్కడే. ఆ గుండ్రని కణాల్లో కొన్ని తెల్ల రక్తకణాలు. మరికొన్ని వృషణం నుంచి ముందుగానే ఊడివచ్చిన, ఇంకా తోక రాని పసి శుక్రకణాలు. రంగు వేయని పలక మీద రెండూ ఒకేలా ఉంటాయి. రెంటినీ కలిపి లెక్కబెట్టి ‘పస్ సెల్స్’ అని రాస్తే లేని చీము కాగితం మీదికి ఎక్కుతుంది.

వీటిని వేరు చేయడానికి పెరాక్సిడేజ్ పరీక్ష ఉంది. నమూనాలో ప్రత్యేకమైన రసాయనం కలిపి కొంతసేపు ఉంచితే న్యూట్రోఫిల్స్ గోధుమ రంగుకు తిరుగుతాయి. పసి శుక్రకణాలకు రంగు పట్టదు. గోధుమ రంగువి మాత్రమే లెక్కబెట్టి మిల్లీలీటరుకు ఎన్నో చెప్పాలి. ఖరీదైన యంత్రాలు అక్కర్లేని పరీక్షే అయినా చిన్న ల్యాబుల్లో తరచు చేయరు. కాబట్టి రిపోర్టు మీద ‘పస్ సెల్స్ 8–10’ అని ఉంటే డాక్టర్‌ను అడగవలసిన మొదటి ప్రశ్న, పెరాక్సిడేజ్ చేశారా అని.

రిపోర్టులో ఆ అంకె పక్కన హెచ్‌పీఎఫ్ అని ఉంటుంది. సూక్ష్మదర్శినిలో ఒక్క చూపులో కనబడిన మేరకు ఎన్ని కణాలున్నాయని దాని అర్థం. ఒక్కో పరికరంలో ఆ మేర ఒక్కోలా ఉంటుంది కనుక దాన్ని మిల్లీలీటరు లెక్కలోకి మార్చలేం. మూత్ర పరీక్షలోని పస్ సెల్స్ అంకెతో పోల్చుకోవడమూ పొరపాటే, ఆ ప్రమాణాలు వేరు. ఒక్కో నమూనాకు తేడా ఉంటుంది కాబట్టి కొన్ని వారాల ఎడంతో రెండుసార్లు చూస్తే గానీ నమ్మకంగా చెప్పరు.

మిగతా వరుసలూ చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన ఆరో ముద్రణ ప్రకారం వీర్యం పరిమాణం కనీసం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు శుక్రకణాలు కనీసం 1.6 కోట్లు, కదలిక ఉన్నవి నూటికి 42 ఉండాలి. ఇవి బాగుండి, లక్షణాలు లేకుండా చీముకణాలు కాస్త ఎక్కువున్న మనిషికీ, కదలిక పడిపోయి నొప్పితో ఉన్న మనిషికీ ఒకే వైద్యం ఉండదు.

చీముకణాలు నిజంగా ఎక్కువున్నాయని తేలితే మూత్ర పరీక్ష, మూత్రం లేదా వీర్యం కల్చర్, క్లమీడియా, గనేరియాలకు మూత్రంలోనే చేసే పీసీఆర్ తరహా పరీక్షలు, షుగర్, హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేయిస్తారు. చేత్తో వృషణాలను, అవసరమైతే ప్రోస్టేట్‌ను పరీక్షిస్తారు. ప్రోస్టేట్ నొక్కక ముందు, నొక్కిన తరువాత మూత్రం పట్టి పోల్చి, చీము అక్కడి నుంచే వస్తోందా అని తేలుస్తారు. క్షయ అనుమానం ఉంటే దాని పరీక్షలు వేరు.

సంతానం మీద ప్రభావం

పోరులో ఉన్న తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి చురుకైన ఆక్సిజన్ అణువులను వదులుతాయి. ఆ దెబ్బ పక్కనున్న శుక్రకణాలకూ తగులుతుంది. శుక్రకణం పైపొరలో ఆక్సిజన్‌కు తొందరగా చెడిపోయే కొవ్వు ఎక్కువ. తేలిగ్గా ఈదడం కోసం మిగతా సరంజామా అంతా వదిలేసుకున్న కణం కావడంతో తనను తాను బాగుచేసుకునే శక్తి దానికి తక్కువ. పొర చెడితే కదలిక మందగిస్తుంది. అండంలోకి చొరబడే సత్తువ తగ్గుతుంది. తలలోని డీఎన్‌ఏ పోగులు తెగుతాయి. ఆక్సిజన్ మోతాదు మించితే శుక్రకణాల కదలిక పోతుందని జాన్ మెక్‌లియోడ్ 1943లోనే చూపించారు.

ఇన్‌ఫెక్షన్‌ను పట్టించుకోకుండా వదిలేస్తే జరిగే నష్టం ఇంకా పెద్దది. వాపు మానే క్రమంలో ఎపిడిడిమిస్ గొట్టం మచ్చపడి మూసుకుపోవచ్చు. రెండు వైపులా మూసుకుంటే వృషణాల్లో శుక్రకణాలు తయారవుతున్నా వీర్యంలోకి ఒక్కటీ రాదు. క్షయ, సెగ వ్యాధి ముదిరినప్పుడు ఇదే జరుగుతుంది.

అయినా చీముకణాలు ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టరనుకోవడం తప్పు. ఆ అంకెతోనే తండ్రులైనవాళ్ళు ఎందరో ఉన్నారు. సంతానలేమికి కారణాలు అనేకం, పిల్లలు కలగని జంటల్లో సుమారు సగం మందిలో మగవాడి వైపు లోపం కూడా ఉంటుంది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఏదో ఒక దశలో ఈ ఇబ్బంది పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. ఇంత మామూలు సమస్యకు ఇప్పటికీ ఊళ్ళో మాట పడేది ఆడమనిషే. పేరంటానికి పిలవకపోవడం, గొడ్రాలన్న మాట, మొగుడికి మరో పెళ్ళి మాటలు. ఆమెకు స్కానింగులు, ఇంజక్షన్లు, మొక్కులు ఏళ్ళ తరబడి సాగుతాయి. కొన్ని వందల రూపాయలతో, నొప్పి లేకుండా అయిపోయే వీర్య పరీక్షకు మగవాడు చివరి వంతుగా వస్తాడు. మొదటి నెలలోనే ఇద్దరికీ కలిపి పరీక్షలు చేయించడం ఆ ఇంట్లో ఆడపిల్లకు చేయగలిగిన పెద్ద న్యాయం.

చికిత్స

కారణం తేలితే చికిత్స సూటిగా ఉంటుంది. క్లమీడియాకు డాక్సీసైక్లిన్ వారం రోజులు, గనేరియాకు సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్ వాడుకలో ఉన్నాయి. మూత్రంలోని బ్యాక్టీరియా అయితే కల్చర్‌లో పనిచేస్తుందని తేలిన మందు ఇస్తారు. ప్రోస్టేట్‌లోకి మందు తేలిగ్గా చేరదు కనుక అక్కడి ఇన్‌ఫెక్షన్‌కు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. క్షయకు కనీసం ఆరు నెలల మందులు, అవి ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది.

ఈ మందుల చరిత్రలో తెలుగువాడి చేయి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు సారథిగా ఉన్నప్పుడు, ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్ మొట్టమొదటి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948లో అది లోకానికి తెలిసింది. క్లమీడియాకు నేడు వాడే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలో తరువాత వచ్చినదే. వృషణాల తిత్తిలో నీరు చేరే బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్ కూడా సుబ్బారావు నాయకత్వంలోనే వెలువడింది.

సుఖవ్యాధి అని తేలితే మందు ఒకరికే ఇస్తే చాలదు. భార్యకూ, ఇతర భాగస్వాములుంటే వారికీ అదే సమయంలో వైద్యం జరగాలి. చికిత్స పూర్తయ్యేదాకా, ఒక్క మోతాదు మందైతే ఆ తరువాత ఏడు రోజుల దాకా కలయిక ఆపాలి. లేకపోతే తగ్గిన జబ్బు అవతలివారి నుంచి మళ్ళీ అంటుకుంటుంది. ఎవరి వల్ల వచ్చిందన్న పంచాయితీ చికిత్సను ఆలస్యం చేస్తుందే తప్ప ఎవరికీ మేలు చేయదు. లక్షణాలు లేకుండా చాలాకాలం ఉండే జబ్బు కాబట్టి రిపోర్టు చూసి నిన్నమొన్నటి తప్పు అని తేల్చలేరు. పైగా చీముకణాలన్నీ సుఖవ్యాధి వల్లే రావు.

ఏ ఇన్‌ఫెక్షనూ దొరకని, లక్షణాలూ లేని మగవాడికి యాంటీబయాటిక్స్ ఇస్తే గర్భం వచ్చే అవకాశం పెరుగుతుందని గట్టి ఆధారాలు లేవు. అయినా ఒక కోర్సు అయ్యాక మరో కోర్సు రాస్తూ పోవడం, వేరుశనగ చేనుకు ఏ తెగులు పట్టిందో చూడకుండా దుకాణంలో దొరికిన మందల్లా కొట్టడం లాంటిదే. క్రిములు మందుకు లొంగకుండా మొండికేస్తాయి. రేపు నిజంగా ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు ఆ మందు పనిచేయదు. ఇలాంటివారికి పొగ, గుట్కా, మద్యం మానిపించి, వెరికోసీల్ వంటివి ఉన్నాయేమో చూసి, తగిన వ్యవధిలో కలయిక ఉండేలా చెప్పి, మళ్ళీ పరీక్షిస్తారు.

శుక్రకణం తయారై బయటికి రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. అందుకే చికిత్స ఫలితాన్ని పూర్తిగా చూడాలంటే అంత సమయం ఆగి వీర్య పరీక్ష చేయించాలి. అప్పటికీ గర్భం రాకపోతే శుక్రకణాలను కడిగి, తెల్ల రక్తకణాలను వేరు చేసి గర్భాశయంలోకి పంపే ఐయూఐ, అవసరమైతే ఐవీఎఫ్ దారులున్నాయి. ఇలాంటి కేంద్రాలు 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం కింద రిజిస్టరై ఉండాలి. డబ్బు కట్టకముందే ఆ రిజిస్ట్రేషన్ అడిగి చూసుకోవాలి.

పనికిరానివి, కీడు చేసేవి

రోడ్డు పక్క గోడల మీద, బస్టాండు మూత్రశాలల్లో ‘గుప్తరోగాలకు గ్యారంటీ’ అన్న రాతలు కనబడుతూనే ఉంటాయి. సుఖవ్యాధులు నయం చేస్తామనీ, లైంగిక శక్తి పెంచుతామనీ ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. అలాంటి చోట ఇచ్చే పొట్లాల్లో ఏముందో రోగికి తెలియదు. మగతనం పెంచుతాయంటూ, కండలు పెరుగుతాయంటూ ఇచ్చే టెస్టోస్టెరాన్ ఇంజక్షన్లు మరీ ప్రమాదం. బయటి నుంచి ఆ హార్మోన్ ఎక్కితే వృషణాలు శుక్రకణాల తయారీని తగ్గిస్తాయి, ఒక్కోసారి పూర్తిగా ఆపేస్తాయి.

వీర్యం బాగుపడుతుందని అమ్మే విటమిన్ డబ్బాల మీదా మోజు ఎక్కువే. అమెరికాలో 2,370 జంటల మీద ఫోలిక్ యాసిడ్, జింక్ మాత్రలను పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. మాత్రలు వాడినవారిలో నూటికి 34 జంటలకూ, ఉత్తుత్తి మాత్రలు వాడినవారిలో 35 జంటలకూ బిడ్డలు పుట్టారు. అంటే తేడా లేదు. వేల రూపాయలు డబ్బాలకు పోసేకన్నా అదే డబ్బుతో సరైన పరీక్ష చేయించుకోవడం తెలివైన పని.

ఎక్కడికి వెళ్ళాలి

మొదటి మెట్టు మండల కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రే. మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష అక్కడే అవుతాయి. సుఖవ్యాధుల కోసం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు నడుపుతోంది. పరీక్ష, మందు, సలహా అన్నీ ఉచితం. వాటి పక్కనే ఉండే ఐసీటీసీ కేంద్రంలో హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారు. ఆ ఫలితం రోగి ఒప్పుకోకుండా బయటపెట్టకూడదని 2017 నాటి చట్టం చెబుతోంది. 1097 నంబరుకు ఫోన్ చేస్తే పేరు చెప్పకుండానే సందేహాలు తీర్చుకోవచ్చు. డ్రైవర్లకూ వలస కూలీలకూ ఇది చేతిలో ఉన్న సాయం.

ప్రోస్టేట్, ఎపిడిడిమిస్ సమస్యలకు, ఆపరేషన్ అవసరమైనవాటికి యూరాలజిస్టు కావాలి. అనంతపురంలో 2000లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా సర్వజన ఆసుపత్రి ఉంది. ఇంకా పెద్ద వైద్యానికి కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఎక్కడికి వెళ్ళినా పాత రిపోర్టులన్నీ, వాడిన మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్తే అవే పరీక్షలు మళ్ళీ మళ్ళీ చేయవలసిన పని తప్పుతుంది. భార్యాభర్తలు కలిసి వెళ్ళడం అన్నిటికన్నా మేలు.

రాకుండా చూసుకోవడం

ఇంటికి దూరంగా ఉన్నప్పుడు కొత్త సంబంధాలుంటే ప్రతిసారీ కండోమ్ వాడాలి. వాడనప్పుడు, లక్షణం లేకపోయినా, ఇంటికి చేరేముందే పరీక్ష చేయించుకుంటే భార్య ఆరోగ్యాన్ని కాపాడినట్టు. ఎండలో పనిచేసేవాళ్ళు మూత్రం లేత రంగులో వచ్చేంతగా నీళ్ళు తాగాలి. లారీ స్టీరింగ్ దగ్గరైనా, కుట్టుమిషన్ ముందైనా గంటలకొద్దీ మూత్రం ఆపుకోకూడదు. మధ్య మధ్య లేచి నడవాలి. అంగం ముందరి చర్మం వెనక్కి తీసి రోజూ కడుక్కోవాలి. చర్మం వెనక్కి రాకపోతే డాక్టర్‌కు చూపించాలి. షుగర్ అదుపులో పెట్టుకోవాలి. గవదబిళ్ళలు యుక్తవయసు దాటాక వస్తే వృషణాలకు పాకి దెబ్బతీయగలవు కనుక పిల్లలకు టీకా వేయించే విషయం డాక్టర్‌ను అడగాలి.

మూత్రంలో మంటనో, వృషణంలో గడ్డనో చెప్పుకోవడానికి మగపిల్లలు జంకకుండా ఉండాలంటే ఇంట్లో పెద్దలు ఈ మాటలు మామూలుగా మాట్లాడాలి. ఈ సమస్యలో చాలాభాగం పరీక్షతో తేలేదే, తేలాక మందుతో తగ్గేదే. రిపోర్టులో పస్ సెల్స్ అని కనబడితే చేయవలసిన పని నాలుగు ముక్కల్లో ఉంది. అవి నిజంగా చీముకణాలేనా అని నిర్ధారించుకోవాలి, ఎక్కడి నుంచి ఎందుకు వస్తున్నాయో తేల్చుకోవాలి, కారణానికి తగిన మందును, సుఖవ్యాధి అయితే ఇద్దరూ, పూర్తిగా వాడాలి, మూడు నెలలకు మళ్ళీ పరీక్షించాలి.